స్టూడియో లైటు చుక్క

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ, అబుదాబి
17 జనవరి 2021

మామయ్యకి,

ఫోను చేస్తే నీకు వినపడదు. వీడియో పెడితే నీ మొహం బదులు మీ ఇంటి ఫ్యాను కనపడుతుంది. చివరికి నీ పంతమే నెగ్గింది, ఉత్తరం రాస్తున్నాను. మన రాజోలు ఏసుబాబు వారం వారం షార్జా నుంచి మా పక్కనున్న ముసఫ్ఫాకి కూరగాయల వ్యాను తెస్తాడు కాబట్టి మన పోస్టాఫీసు అతనే. మనుషులు అబుదాబిలోకి రావాలంటే సరిహద్దు దగ్గర కరోనా పరీక్ష కాగితం చూపించాలి. కరివేపాకుకి ఆ బాధ లేదు.

మొన్న నువ్వు అత్తయ్యని మా ఆస్పత్రికి తీసుకొచ్చావు గానీ, రోగితో పాటు ఎవరినీ రానివ్వడం లేదని నిన్ను కిందే ఆపేశారు. అందుకని నీతో మాట్లాడడం కుదరలేదు. అత్తయ్య ఎడమ కన్ను చూశాను. పైరెప్ప సగం దాకా వాలి ఉంది. రెప్ప చివర, కణత వైపు, కొంచెం ఉబ్బుగా కూడా ఉంది. స్కానింగ్ తీయించాను. ఇలా ఎప్పటినుంచి ఉందని అడిగితే "ఎప్పుడూ ఇంతేగా సుధమ్మా" అంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అదే మాట అంటారు. రోజూ అద్దంలో చూసుకునే మొహం ఎప్పుడు మారిందో మనిషికి తెలియదు, పక్కనుండే వాళ్లకి అసలే తెలియదు.

అందుకే మా పనిలో ఒక పద్ధతి ఉంది. నేను చూసేది కంటి చుట్టూ ఉన్నవాటిని కదా, రెప్పలు, కంటిగుంట, కన్నీళ్ల గ్రంథి. అక్కడ జబ్బు వస్తే ముందు మొహం మారుతుంది. ఆ మార్పు ఎప్పుడు మొదలైందో తెలుసుకోవడానికి పాత ఫోటోలు తెమ్మంటాం. నేనిప్పుడు చేస్తున్న పరిశోధన కూడా దాని మీదే. ఆశన్న అని జగిత్యాల వైపు మనిషి, లేబరు కాంపులో ఉంటాడు, కన్ను ముందుకు పొడుచుకొచ్చింది. "పోయిన రంజాన్ సంది గిట్లయింది మేడమ్" అన్నాడు. అతని వీసా ఫోటోలు వరసగా పేర్చి చూస్తే అంతకు చాలా ఏళ్ల ముందే మొదలైందని తేలింది. దాంతో మందే మారిపోయింది.

కాబట్టి అత్తయ్య పాత ఫోటోలు పంపు. మొహం బాగా కనపడేవి, వెనకాల ఏ సంవత్సరమో రాసి పంపు. ఫోటోగ్రాఫరు ఇంట్లో ఫోటోలకి కరువా.

అత్తయ్య కన్ను ముందు ఎలా ఉండేదో నేనే గుర్తు చేసుకుందామని చూశాను. నా వల్ల కాలేదు. మీరు రెండేళ్లకోసారి సెలవుకి వచ్చేవాళ్లు. అత్తయ్య అంటే నల్ల కళ్లద్దాలు, టాంగ్ షర్బత్ పొడి డబ్బా, పెట్టె తెరవగానే వచ్చే ఆ సబ్బు వాసన. మొహం మాత్రం మా గోడ మీది మీ పెళ్లి ఫోటోలోదే గుర్తుంది. అమ్మ పోయాక ఆ ఫోటో ఇక్కడికి తెచ్చుకున్నాను. ఇప్పుడు మా సోఫా పైన ఉంది. అన్నం తింటూ దాన్నే చూస్తుంటాను.

నీ మేనకోడలు,
సుధారాణి

---

అల్ నహ్దా, షార్జా
29 జనవరి 2021

చిరంజీవి సుధకి,

ఇక్కడ నేను, మీ అత్తయ్య, నా చెవి మిషను ముగ్గురం క్షేమం. మూడోది అప్పుడప్పుడు ఈల వేస్తోంది. మాస్కు తాడు తీసినప్పుడల్లా ఊడి సాంబారులో పడుతోంది.

మాస్కు అంటే గుర్తొచ్చింది. ఊరందరికీ ఇప్పుడు కళ్లే మిగిలాయి. కింద కిరాణా కొట్టు సనావుల్లా ఇన్నేళ్లుగా మీ అత్తయ్యకి సరుకులిస్తున్నాడా, మొన్న ఉన్నట్టుండి "అమ్మా, రాత్రి నిద్ర పట్టలేదా" అని అడిగాడట. తను ఇంటికొచ్చి పప్పు డబ్బా ఠపీమని పెట్టింది. అందుకే నీ దగ్గరికి తీసుకొచ్చాను, ఇంకేం కాదు.

నువ్వు పరిశోధన అని రాశావు. అంటే పుస్తకంలో పడుతుందన్నమాట. మీ అత్తయ్య బొమ్మ పెద్ద పెద్ద డాక్టర్లు చూస్తారన్నమాట. అలాంటప్పుడు అల్లాటప్పా ఫోటోలు పంపితే నా పరువేం కాను? ఇంట్లో ఉన్నవన్నీ నేల మీద పరిచి, ఒక పూటంతా కూర్చుని, మంచివి ఏరి పంపుతున్నాను. మొదటిది రాజోలులో మన అలంకార్ స్టూడియోలో తీసింది, 1984, తన మొదటి పాస్‌పోర్టుది. తర్వాత పెళ్లిది. ఎండలో సముద్రపు ఒడ్డున కార్నిష్ మీద నిలబడిందీ, ఆకుపచ్చ చీరదీ ఇక్కడికి వచ్చాక తీసినవి. మిగతావి పాస్‌పోర్టు మార్చినప్పుడల్లా ఇక్కడే రోలా బజారులో మన షాపులో తీసినవి.

అవి చూస్తుంటే షాపు గుర్తొచ్చి మనసు అదోలా అయింది. శుక్రవారం మధ్యాహ్నం మీ అత్తయ్య మదామ్ ఇంట్లో పని ముగించుకుని స్టీలు గిన్నెలో హరీస్, అదే గోధుమలూ మాంసమూ కలిపి ఉడికించిన జావ, పట్టుకుని వచ్చేది. బయట పఠాన్లు, మలయాళీలు, మనవాళ్లు వరస కట్టి ఉండేవారు. అందరికీ ఒకటే కోటు, ఒకటే టై, మేకుకి తగిలించి ఉండేది. ఎంతమంది ఆ కోటు వేసుకుని ఇంటికి ఫోటో పంపుకున్నారో. షాపు మూసేసిన రోజు ఆ కోటు పారేయలేకపోయాను. ఇప్పుడూ బీరువాలో ఉంది, మీ అత్తయ్య తిడుతూనే ఉంటుంది.

పుస్తకం అచ్చయ్యాక ఒకటి పంపు. ఏసుబాబు చేత గోంగూర పచ్చడి పంపుతున్నాను.

మామయ్య వెంకటరాజు

---

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ
13 ఫిబ్రవరి 2021

మామయ్యకి,

పచ్చడి సీసా సగమైంది. ఫోటోలు టేబులు మీద సంవత్సరాల వారీగా పేర్చుకుని శుక్రవారమంతా చూశాను. ఎంత బాగా తీశావు. ఒక్కోదానికీ వెలుగు ఎటునుంచి రావాలో అటునుంచే వచ్చింది.

నువ్వు సెలవుకి వచ్చినప్పుడు ఒకసారి నన్ను అలంకార్ స్టూడియో చీకటి గదిలోకి తీసుకెళ్లావు, గుర్తుందా? ఎర్ర బల్బు. నీళ్ల పళ్లెంలో తెల్ల కాగితం వేసి, ఊపుతూ ఉండమన్నావు. కాసేపటికి అందులోంచి ఎవరిదో ముక్కు వచ్చింది, తర్వాత కళ్లు వచ్చాయి. నేను భయపడి పళ్లెం ఒంపేశాను. నువ్వు తిట్టలేదు. మొహాల మీద నాకు ఆసక్తి పుట్టింది ఆ పళ్లెంలోనే అనుకుంటాను. కాలేజీలో కంటి శస్త్రచికిత్సలో ఈ విభాగమే ఎందుకని మాష్టారు అడిగితే ఏదో చెప్పాను గానీ, మనసులో ఆ ఎర్ర బల్బే వెలిగింది.

ఇక అత్తయ్య సంగతి. నీ ఫోటోలు మా ముదీర్‌కి కూడా చూపించాను. మా విభాగానికి పెద్దాయన ఆయనే. 2015 దాకా అత్తయ్య కన్ను ఏ వంకా లేకుండా ఉంది. రెప్ప ఆ తర్వాతే వాలింది. అందుకని ఒక పని చేయాలనుకుంటున్నాం. మార్చి 28న ఆపరేషన్ థియేటరు దొరికింది. చేసేది ఆయనే, సొంత మనుషులకి నేను కత్తి పట్టుకోను. పక్కనే ఉంటాను. నువ్వేం కంగారు పడకు. అత్తయ్యకి ఇప్పుడే పెద్దగా ఏం చెప్పకు. కన్ను పాత ఫోటోలో లాగా అవుతుందని మాత్రం చెప్పు.

అత్తయ్య ఫోనులో నాతో "ఊఁ, సర్లే" తప్ప ఇంకేం అనడం లేదు. కొంచెం ధైర్యం చెప్పు.

సుధ

---

అల్ నహ్దా, షార్జా
24 ఫిబ్రవరి 2021

చిరంజీవి సుధకి,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. దుబాయ్‌లో డబ్బున్న ఆడవాళ్లు కనుబొమలు ఎత్తించుకుంటారని, ముక్కులు చెక్కించుకుంటారని విన్నాను గానీ, మన ఇంటికి కూడా ఆ భాగ్యం వస్తుందనుకోలేదు. మీ అత్తయ్యతో "సుధ నీ కన్ను ఎత్తించేస్తుందట, ఫోటోలో లాగా అయిపోతావట" అన్నాను. చేతిలో గిన్నె కడిగి బోర్లించింది. తర్వాత "మీకలా ఉంటే ఇష్టమేనా" అంది. "ఈ వయసులో ఇంట్లో హీరోయిన్ తిరిగితే చేదా" అన్నాను. సరేనంది. కాబట్టి కానివ్వు.

అయినా ఆ కన్నుతో తనకేం తక్కువైందో నాకు తెలియదు. నువ్వు హైదరాబాద్‌లో చదువుకుంటున్నప్పటి మాట ఒకటి చెప్తాను. 2006లో, తన పాస్‌పోర్టు మార్చిన ఏడు. అప్పటికి ఎయిర్‌పోర్టులో కంటికి ఫోటో తీసే మిషన్లు పెట్టారు. ఇద్దరం సెలవు నుంచి తిరిగొచ్చాం. నా వంతు అయిపోయింది. తను మిషను ముందు నిలబడితే అది ఒప్పుకోదు. పాదాల దాకా తెల్ల కందూరా వేసుకున్న కుర్రాఫీసరు "యల్లా అమ్మా, కన్ను తెరువు" అంటాడు. తను తెరిచానంటుంది. మళ్లీ మిషను కాదంటుంది. వెనకాల వరస పెరిగిపోతోంది. చివరికి మీ అత్తయ్య విసుగెత్తి, రెండు వేళ్లతో ఎడమ రెప్ప పట్టుకుని పైకెత్తి, మిషనుకి మొహం ఆనించేసింది. "ఇదిగో, చూసుకో" అంది తెలుగులోనే. ఆ కుర్రాడు నవ్వు ఆపుకోలేక "ఖలాస్, ఖలాస్" అని ముద్ర వేసేశాడు. అప్పటినుంచీ వచ్చినప్పుడల్లా తను అడక్కముందే వేళ్లు పెట్టేసుకుంటుంది. నేను పక్క వరసలోంచి చూసి నవ్వుతాను. తను అక్కడినుంచే గుడ్లురుముతుంది, ఒకటిన్నర గుడ్డు.

ఆపరేషన్ అయ్యాక ఆ సరదా ఉండదు. అదొక్కటే బాధ.

మామయ్య

---

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ
4 మార్చి 2021

మామయ్యా,

ఈ ఉత్తరం కోపంగా రాస్తున్నాను, ముందే చెప్పేస్తున్నాను.

నీ ఎయిర్‌పోర్టు కథకి ముందు నవ్వాను. తర్వాత చేతిలో కాఫీ అలాగే ఉండిపోయింది. 2006లోనే అత్తయ్య వేళ్లతో రెప్ప ఎత్తుకుంటే, అదే ఏటి పాస్‌పోర్టు ఫోటోలో ఆ కన్ను అంత విప్పారి ఎలా ఉంది? ఫోటోలన్నీ మళ్లీ తీసి భూతద్దం పెట్టాను. కార్నిష్ ఫోటోలో దొరికావు. అత్తయ్య ఎండకి ఎదురుగా నిలబడింది. కుడి కన్ను చిట్లించింది. ఎడమ కన్ను మాత్రం నీడలో కూర్చున్నట్టు హాయిగా తెరుచుకుని ఉంది. పైగా కంటిపాప మీద ఒక తెల్ల చుక్క ఉంది, స్టూడియోలో లైటు పడితే వచ్చే చుక్క. సముద్రం ఒడ్డున స్టూడియో లైటు ఎక్కడిది మామయ్యా? అన్ని ఫోటోల్లోనూ ఎడమ కంట్లో అదే చోట అదే చుక్క. గోడ మీది పెళ్లి ఫోటో దించి చూశాను. అందులోనూ నీ చేతిపనే.

నీకు రాయని సంగతి ఇప్పుడు రాస్తాను. మార్చి 28న మేం చేయబోయేది అందం కోసం కాదు. స్కానింగ్‌లో అత్తయ్య ఎడమ కన్నీళ్ల గ్రంథి పెద్దదిగా కనపడింది. అది ఎప్పటినుంచో అలాగే ఉండి, వయసుతో జారి ఉండొచ్చు. లేదా మెల్లగా పెరుగుతున్న గడ్డ కావచ్చు. గడ్డయితే చిన్న ముక్క తీసి చూడడానికి కూడా లేదు, చిట్లితే మళ్లీ మొలుస్తుంది. కణత దగ్గర ఎముక తెరిచి మొత్తంగా తీయాలి. కంటి చూపుకి ప్రమాదం ఉంది. ఏదీ తేలక, నీ ఫోటోలు చూసి, కన్ను ఈమధ్యే మారింది కాబట్టి గడ్డేనని నిర్ణయించాం. నువ్వు భయపడతావని రాయలేదు. నువ్వేమో హీరోయిన్ అని జోకులేశావు.

కిందికి చూడమంటే అత్తయ్య ఎడమ రెప్ప పూర్తిగా దిగకుండా మధ్యలో ఆగుతోంది. పుట్టుకతో వాలిన రెప్పలు అలా ఆగుతాయి. అది నా కళ్లతో నేను చూశాను. అత్తయ్య నోటితో చెప్పింది కూడా. రెండూ వదిలేసి ఫోటోలని నమ్మాను, నువ్వు తీసినవి కాబట్టి.

ఇప్పుడు ఆశన్న ఫోటోలు ఎవరు తీశారో, ఎంత దిద్దారో అని కూడా భయంగా ఉంది. ఆ సంగతి తర్వాత. నీ చెయ్యి పడని ఫోటో ఒక్కటి కావాలి, పాతది. రెప్పతో పాటు ఆ ఉబ్బు కూడా అప్పుడే ఉందని కనపడాలి. ఉందని చూపించగలిగితే ఎముక జోలికి వెళ్లరు. లేకపోతే ముదీర్ తేదీ మార్చరు. ఒక్కటైనా ఉందా?

సుధ

---

అల్ నహ్దా, షార్జా
11 మార్చి 2021

సుధా,

నీ ఉత్తరం ముందు మీ అత్తయ్య చదివింది. నేను కిందికి రొట్టెలకి వెళ్లినప్పుడు ఏసుబాబు కవరు తన చేతికిచ్చాడు. ఎముక తెరవడం సంగతికి తను బెదరలేదు. నేను వచ్చాక కాగితం నా ముందు పెట్టి, వేలు పెట్టి చూపించి, గట్టిగా అడిగింది. "పాస్‌పోర్టుకి దిద్దారు, నాకు తెలుసు, సరే. పెళ్లి ఫోటోకి ఏ ఇమిగ్రేషనోడు అడిగాడండీ?" అంది.

జవాబు నా దగ్గర ఉంది, తనకి చెప్పలేను. ఆ రోజునుంచి నాతో మాట్లాడడం లేదు. వేళకి కంచం పెడుతుంది, బట్టలు మడత పెడుతుంది. చెవిటివాడికి మాట్లాడకపోతే తేడా ఏముందని నువ్వనుకోవచ్చు. చాలా తెలుస్తుంది సుధా. తను మాట్లాడేటప్పుడు నేను మొహం చూస్తాను కదా. ఇప్పుడు మొహం తిప్పేసుకుంటోంది.

నువ్వు కోపంగా రాశావు, నాకూ కోపం వచ్చింది. ఫోటో దిద్దడం మా పని. మంచి ఫోటో అడిగితే మంచి ఫోటో పంపాను. నెగటివ్ మీద పెన్సిల్ రాస్తే ఫోటోలో తెల్లబడుతుంది, బ్లేడుతో గీకితే నల్లబడుతుంది. ఆ రెండింటితో రెప్ప తెరవడం రాజోలులో నాకొక్కడికే వచ్చు. ఇక్కడా కాంపులనుంచి వచ్చినవాళ్లే బతిమాలేవారు, "జర కన్ను సక్కగ చెయ్యి అన్నా, కఫీల్ చూసి వీసా ఇయ్యనంటడు" అని. చేయనని ఎలా అంటాను?

మీ అత్తయ్యని మొదటిసారి చూసింది అలాగే. షార్జాలో ఇంటి పనికి వీసా వచ్చింది, ఫోటో కావాలని స్టూడియోకి వచ్చింది. కూడా వచ్చిన ఏజెంటు, కన్ను అలా ఉంటే మదామ్ ఒప్పుకోదు, బాగు చెయ్యమన్నాడు, తన ముందే. తను బిగుసుకుపోయి కూర్చుంది. నేను కెమెరా మీది నల్లగుడ్డలోంచి బయటికొచ్చి, ఫోటో తీసేసి, ఆ గుడ్డతోనే చెమట తుడుచుకున్నాను. దాని నలుపు మొహమంతా అంటుకుంది. తను ఫక్కున నవ్వింది. ఫిల్ము పెట్టే చట్రానికి రెండో వైపు ఇంకో ఫిల్ము మిగిలే ఉంది. తిప్పి ఇంకోటి తీశాను. ఎవరికీ చెప్పలేదు, తనకి కూడా.

తను వెళ్లిపోయింది. మదామ్ ఎయిర్‌పోర్టులో ఫోటోనీ తననీ మార్చి మార్చి చూసి, సామాను కారులో పెట్టించిందట. సెలవుకి వచ్చినప్పుడు తిన్నగా స్టూడియోకే వచ్చింది. తర్వాత పెళ్లి. తర్వాత ఆ మదామ్ భర్తే నాకు కఫీల్ అయ్యాడు. భార్య తెప్పించుకున్న మొగుణ్ణి అని రోలాలో నన్ను ఏడిపించేవారు. నాకు గర్వంగా ఉండేది. మొదటి పాస్‌పోర్టులో కన్ను తెరిచాను కాబట్టి తర్వాత ప్రతిదాంట్లోనూ తెరవాల్సి వచ్చింది, లేకపోతే మనిషి వేరంటారు. చెయ్యి అలవాటు పడిపోయి ఇంట్లో తీసినవాటికీ అంతే చేశాను.

పెళ్లి ఫోటో మాత్రం అలవాటు కాదు. మీ అమ్మ ఈ పెళ్లికి ఒప్పుకోలేదు. కన్ను వాలిన పిల్ల, పైగా పరాయి దేశంలో ఇళ్లల్లో పనిచేసేది అంది. అక్క ఇంట్లో గోడకి ఆ ఫోటో ఎక్కితే, వచ్చిన వాళ్లెవరూ మీ అత్తయ్య కన్ను మీద మాటనకూడదని దిద్దాను. ఎవరూ అనలేదు. మీ అమ్మే వచ్చిన వాళ్లకి చూపించుకునేది. ఇది నేను మీ అత్తయ్యకి ఎలా చెప్పను? పోయిన మనిషి మీద, అందులోనూ అక్క మీద.

ఆ రెండో నెగటివ్ నా దగ్గరే ఉంది. నిడో పాలపొడి డబ్బాలో, దూది మధ్య. దాని మీద పెన్సిల్ పడలేదు, బ్లేడు పడలేదు. ఇన్నేళ్లలో ప్రింటు కూడా వేయలేదు. పంపుతున్నాను. మూలలు పట్టుకో, మధ్యలో వేలు పెట్టకు.

ఇంకొకటి. నిన్న కాగితం ముక్క మీద రాసి నా ముందు పడేసింది. "సుధని ఎలాగైనా ఆ ఫోటోలో లాగే చెయ్యమనండి. ఎముక తీసినా సరే" అని. నువ్వు ఆపు సుధా. నా మాట తను వినదు.

మామయ్య

---

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ
25 మార్చి 2021

మామయ్యకీ, అత్తయ్యకీ,

ఈసారి ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. మామయ్యా, నువ్వు చదివి కవరు దాచకు.

మా ఆస్పత్రిలో ఎక్స్‌రేలు చూసే దీపపు పలక ఉంది. నెగటివ్ దాని మీద పెట్టి, ఫోనుతో తీసి, నలుపూ తెలుపూ తిరగేశాను. ముదీర్ నా పక్కనే ఉన్నారు. ముందు తెల్లటి జుట్టు నల్లగా అయింది, తర్వాత పళ్లు వచ్చాయి, తర్వాత కళ్లు. ఈసారి భయపడి ఒంపేయలేదు.

ఎడమ రెప్ప సరిగ్గా ఇప్పుడున్నంతే వాలి ఉంది. కణత వైపు ఉబ్బు కూడా ఉంది. మొన్న నేను తీసిన ఫోటో పక్కన పెడితే కొలతలో తేడా లేదు. ఇన్నేళ్లలో పెరగని దాన్ని ఎముక తెరిచి తీయక్కర్లేదని ముదీర్ తేల్చేశారు. థియేటరు తేదీ రద్దు చేశారు. ఆరు నెలలకి ఒకసారి స్కానింగ్ తీసి చూసుకుంటే చాలు. అత్తయ్యా, నువ్వు మొదటి రోజే నిజం చెప్పావు. నేనే వినలేదు, మామయ్యకి వినపడకపోతే చెవి మిషను ఉంది, నాకు అది కూడా లేదు.

నా పరిశోధనలో కొన్ని పేజీలు కొట్టేశాను. స్టూడియో ఫోటోలని పక్కన పెట్టి, కాంపు గదిలో, పెళ్లి పందిట్లో స్నేహితులు తీసిన ఫోటోలు తెమ్మంటున్నాను. ఆశన్న కాంపులో క్రికెట్ ఆడుతున్న ఫోటో తెచ్చాడు. అతని మందు సరైనదే. స్టూడియో ఫోటో నమ్మేముందు కంట్లో చుక్క చూడాలని ఒక పేరా రాశాను. మామయ్య పేరు రాయలేదు, ఆ మాత్రం పరువు మిగిల్చాను.

అత్తయ్యా, ఇప్పుడు నీతో. రెప్ప ఎత్తడం పెద్ద పని కాదు, ఎముక అవసరం లేదు. కానీ నీ రెప్పలో కండ పుట్టుకతోనే బలహీనం. బలవంతంగా ఎత్తితే నిద్రలో కన్ను పూర్తిగా మూసుకోదు, ఎండిపోయి మంట పెడుతుంది. ఈ వయసులో నేనైతే వద్దంటాను. అయినా కన్ను నీది. నీకు కావాలంటే చేయిస్తాను. మామయ్య కోసం అయితే చేయించను.

ఆ నెగటివ్ నుంచి ఇక్కడి షాపులో ప్రింటు వేయించి పంపుతున్నాను. అందులో ఉన్న అమ్మాయిని నేను ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పటినుంచీ గోడ మీద వేరే ఆవిడని చూస్తూ పెరిగాను. మామయ్య ఉత్తరం కూడా దీంతో పెడుతున్నాను, పెళ్లి ఫోటో సంగతి ఉన్నది. చెప్పలేనన్నాడు కాబట్టి చదువుకో. అమ్మ తరపున నేను క్షమాపణ అడుగుతున్నాను.

సుధ

---

అల్ నహ్దా, షార్జా
27 మే 2021

చిరంజీవి సుధకి,

జవాబు ఆలస్యమైంది. ఇంట్లో మాటలు మళ్లీ మొదలయ్యాయి, రాయడానికి తీరిక దొరకలేదు.

నీ కవరు వచ్చిన రోజు మీ అత్తయ్య ఉత్తరం చదివింది, నా ఉత్తరమూ చదివింది. తర్వాత నా ఎదురుగా కూర్చుని, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పింది. "మీ అక్క ఆ మాట నా మొహం మీదే అంది. పెళ్లికి ముందే. మీకు తెలిస్తే బాధపడతారని నేను దాచాను" అంది. ఇన్నేళ్లుగా ఒకే మాటని ఇద్దరం చెరోవైపూ దాచుకున్నాం. "ఆ తర్వాత వదిన నన్ను కడుపులో పెట్టుకుని చూసుకుంది, సుధ క్షమాపణలేం అడగక్కర్లేదని రాయండి" అంది. రాశాను.

అప్పుడు ప్రింటు చేతికిచ్చాను. తనని తను చూసుకుంటుందనుకున్నాను. చాలాసేపు చూసి, "ఆ రోజు మీరు కాఖీ చొక్కా వేసుకున్నారు. జేబు చిరిగి వేలాడుతోంది. మొహమంతా మసి" అంది. ఆ ఫోటోలో నేను లేను సుధా. తనకి నేనే కనపడ్డాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆపరేషన్ వద్దంది. నా కోసం వద్దందో, తన కోసం వద్దందో అడగలేదు. నిద్రలో కన్ను మూతపడకపోతే ఎలాగని మాత్రం అంది. నిన్ను మీ గోడ మీది పెళ్లి ఫోటో దించొద్దంది, మీ అమ్మకి ఇష్టమైనది కాబట్టి. దాని పక్కన దీని ప్రింటు ఇంకోటి పెట్టుకోమంది.

ఈ నెలలో తన పాస్‌పోర్టు పేజీలు నిండిపోయి మార్చాల్సి వచ్చింది. బీరువాలోంచి కెమెరా తీశాను. కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కంప్యూటర్లో బొమ్మ తెరవగానే నా చెయ్యి దానంతటదే మౌస్ పట్టుకుని ఎడమ కన్ను దగ్గరికి వెళ్లింది. వెనకనుంచి వేళ్ల మీద ఒక దెబ్బ పడింది. అలాగే ప్రింటు తీశాను. చుక్క లేదు, కిటికీ వెలుగు ఎంత పడిందో అంతే.

పాస్‌పోర్టు సెంటర్లో కౌంటరు అమ్మాయి, షగుఫ్తా అని బిళ్ల మీద పేరుంది, పాత పాస్‌పోర్టు తెరిచింది, కొత్త ఫోటో పక్కన పెట్టింది. అటు చూసింది, ఇటు చూసింది. దాదాపు నలభై ఏళ్లుగా నేను భయపడిన చూపు అదే. "అమ్మాజీ, ఆంఖ్ కో క్యా హువా?" అని అడిగింది, కన్నుకి ఏమైందని.

మీ అత్తయ్య మాస్కు కిందికి లాగింది. తనకొచ్చిన హిందీలో, తొణక్కుండా, "కన్నుకేం కాలేదమ్మా. ఇన్నాళ్లూ ఫోటోలకే అయ్యింది" అంది.

ఆ అమ్మాయి నవ్వి, కన్ను పుట్టుకతోనే ఇంతేనని నువ్వు రాసిచ్చిన స్కానింగ్ కాగితం జిరాక్సు తీసుకుని, లోపల పెద్దవాళ్లని అడిగి వచ్చి, ముద్ర వేసింది. బయటికొచ్చాక మీ అత్తయ్య నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

ఆవకాయ పంపుతున్నాను. మూత గట్టిగా ఉంటుంది, బలవంతం చేయకుండా వేడినీళ్లలో పెట్టు.

మీ అత్తయ్యా, మామయ్యా